పెయింటరు గారికి, లాకు దగ్గర్నుంచి

అయ్యా,
మీ పేరు నాకు చదవడం రాలేదు.
బొమ్మ కింద మూలగా, గడ్డిలో కలిసిపోయేలా
చీమ నడిచినట్టు రాశారు.
రొయ్యల మేత కంపెనీ వాళ్ళు మిమ్మల్ని క్యాలెండరు మీద వేశారు.
నెలలు చిరిగిపోయాయి, ఏడాదీ పోయింది,
మీరు మాత్రం లాకు ఆఫీసు గోడ మీద
గేజీ రిజిస్టరుకి పైన, మేకుకి ఉండిపోయారు.

హాలెండు అన్నారు ఏయీ గారు.
వలందులంటే వాళ్ళేనని కూడా అన్నారు.
అలాగైతే మీరు మాకు కొత్త కాదండి,
నర్సాపురంలో వలందర రేవుంది.
ఆ పేరేంటో తెలీకుండానే మా అమ్మ
నలభయ్యేళ్ళు అక్కడ చేపలు బేరమాడింది.

మీ బొమ్మలో ముప్పాతిక ఆకాశమే.
నేలని సన్నటి చాపలా కింద పరిచారు.
తెలిసినాయనే అనుకున్నాను.
పల్లపు నేల మనిషికి
తలెత్తి చూడటమే సగం సేద్యం.

మూడావులు. ఒకటి మోకాటి లోతు దిగి
తన మొహాన్నే తాగుతోంది.
గట్టున నాలుగు చెట్లు, వాటి పేర్లు నాకు తెలీవు.
గాలిమర ఆగి ఉంది.
ఎంత ప్రశాంతంగా ఉందో, అంటారు చూసినోళ్ళందరూ.
రెవెన్యూ వాళ్ళన్నారు, మేత డీలరు పెన్మెత్స రాజుగారన్నారు,
నీళ్ళందలేదని గొడవకొచ్చిన శివారు రైతులు కూడా
బొమ్మ దగ్గర కాసేపు గొంతు తగ్గించారు.

నేనలా అనలేనండి.
ముప్పయ్యొక్కేళ్ళ లస్కరుని.
నీళ్ళు కదలకుండా ఉన్నాయంటే
ఎక్కడో ఎవడో షట్టరు పట్టుకున్నాడని అర్థం.
ఆ మర తిరక్కపోతే మీ ఆవులు సముద్రంలో మేస్తాయంట కదా.
మరి తిప్పేవాడేడి?
చక్రం తిప్పితిప్పి అరచేతులు కాయలు కాసినవాడేడి?
ఏయీ గారి భూతద్దం అడిగి వెతికాను.
గట్టు మలుపులో ఎర్రచుక్క ఒకటి దొరికింది.
టోపీ కావచ్చు. మీ కుంచె జారిందీ కావచ్చు.
నేను మాత్రం మనిషనే రాసుకున్నాను.
కొల్లాటి నాంచారయ్య అని పేరు కూడా పెట్టాను.

అది మా పెద్ద లస్కరు పేరండి.
తుపాను రాత్రి, డ్రెయిను నోట్లో,
సముద్రం ఎదురొస్తుంటే
నేను లాంతరు పట్టాను, ఆయన రెంచి పట్టాడు.
మూడో షట్టరు సగందాకా దిగింది.
లాంతరు ఆరింది.
మళ్ళీ వెలిగించేసరికి
రెంచి ఉంది, చక్రానికి వేలాడుతూ.

తెల్లారాక చూడాలండి మీరు.
గాలి లేదు. చేలు లేవు, రోడ్డు లేదు, గట్టు లేదు.
నేలంతా ఒకటే నీరు, నీరంతా ఒకటే ఆకాశం,
ముప్పాతిక కాదు, మొత్తం.
మిట్ట మీద మూడు గేదెలు, కదలకుండా.
దూరంగా రోడ్డుండాల్సిన చోట ఒక పడవ
ఎవర్నో వెతుకుతూ
ఎంత నెమ్మదిగా పోతోందో.
మంచి ఎండ కూడా కాసింది, లేత బెల్లం రంగుది.
ఆ పొద్దున మీరు మా స్టోరు డాబా మీద కూర్చుని గీసుంటే
ఏ గోడకైనా అందమే.
ఎంత ప్రశాంతంగా ఉందో, అనేవారు.

తప్పు మీదని కాదు.
ఆ ఎర్రచుక్క పెట్టారు కదా, చాలు.

ఇంకో సంగతి. మీ కాలవలో గుర్రపుడెక్క ఒక్క ఆకు లేదు.
ఎలా తీయిస్తున్నారో, కాంట్రాక్టు ఎవరిదో,
వీలుంటే చెప్పండి.

నెలాఖరుకి నేను రిటైరు.
నా బదులు మనిషి రాడంట, మోటారు పెడతారంట.
బొమ్మ తీసుకుపో, అన్నారు. వద్దన్నాను.
నాంచారయ్య డ్యూటీలో ఉన్నాడు.

ఇవాళ రిజిస్టరు రాశాక
అదే పెన్సిలుతో మీ బొమ్మ తెల్లంచు మీద,
ఆవు తాగుతున్న చోటికి సూటిగా
చిన్న గీత గీశాను.
పక్కన వేశాను:
ఐదడుగుల మూడంగుళాలు.
పొద్దున ఆరింటికి.